గోల్కొండా, సాలార్‌జంగా, చౌమహల్లానా? పిల్లల్నీ పెద్దవాళ్ళనీ తీసుకుని హైదరాబాద్‌లో ఒక రోజు

వేసవి సెలవులు వచ్చాయంటే మా ఇంట్లో అటక మీది పరుపులు కిందికి దిగుతాయి. గుంటూరు నుంచి మా ఆడపడుచు, ఆమె పిల్లలిద్దరు, వాళ్ళతోపాటు మా అత్తయ్య వస్తారు. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకుంటూ ఆడపడుచు అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఇవాళ ఎక్కడికి వదినా?"

మొదటి ఏడాది నేను చేసిన ఘనకార్యం చెప్తాను. పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం కుతుబ్‌షాహీ సమాధులు, సాయంత్రం చార్మినార్, కుతుబ్‌షాహీ రాజుల నాటివన్నీ ఒక్క రోజులో చూపించేద్దామనుకున్నాను. ఇల్లు కదిలేసరికే పది దాటింది. మే నెల. కోట దగ్గర దిగేసరికి రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. యాభయ్యో అరవయ్యో మెట్లు ఎక్కాక అత్తయ్య నీడ చూసుకుని కూలబడి, "మీరు వెళ్ళి రండమ్మా, నేనిక్కడే ఉంటా" అంది. నాలుగేళ్ళ వాడు భుజం మీద నిద్రపోయాడు. వాణ్ణి మోస్తూ పైకెక్కిన మా ఆయన మొహం చూసి సమాధులు, చార్మినార్ మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. చోటుకెంత పేరుందో తర్వాత చూస్తాను. మా గుంపులో అందరికంటే ముందు అలిసిపోయేది ఎవరో చూసుకుని, వాళ్ళ కాళ్ళను బట్టి చోటు ఎంచుకుంటాను. రోజుకు ఒకటే చోటు. రెండోది ఉంటే అది తిండి కోసమో గాజుల కోసమో అయ్యుండాలి.

## బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు మోకాళ్ళు. కోటలో మెట్లు మన ఇంటి మెట్ల లాంటివి కావు. ఎత్తు ఒకదానికొకటి పొంతన ఉండదు, చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు. "నాకేం ఫరవాలేదు, ఎక్కేస్తా" అనే పెద్దవాళ్ళ మాట నమ్మకండి. దిగేటప్పుడు అసలు సంగతి తెలుస్తుంది.

తర్వాత ఎండ. హైదరాబాద్‌లో మార్చి చివర నుంచి జూన్ మొదటి వారం దాకా పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు పైకప్పు కింద ఉండాలి. అందుకే కోటా మ్యూజియమా అన్న ప్రశ్నకు సగం జవాబు గడియారమే చెప్తుంది. పొద్దున్నే లేవగలిగే కుటుంబమైతే కోట. పది దాటితే గాని గుమ్మం దాటని మా లాంటి కుటుంబమైతే మ్యూజియం. డిసెంబరు, జనవరిలో ఈ లెక్క అక్కర్లేదు, ఎప్పుడైనా ఎక్కడికైనా వెళ్ళొచ్చు.

చిన్నపిల్లల మధ్యాహ్నం నిద్ర సంగతి చాలామంది మర్చిపోతారు. ఒంటి గంటకు పడుకునే పిల్లాణ్ణి ఒంటి గంటకు గాజు బీరువాల ముందు నిలబెడితే ఏడవక ఏం చేస్తాడు? ఇక పదీ పదిహేనేళ్ళ మధ్య వాళ్ళకు కథ కావాలి. "ఇది పదహారో శతాబ్దపు పింగాణీ" అంటే వాళ్ళ చెయ్యి జేబులో ఫోన్ మీదికి పోతుంది.

అన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది శుక్రవారం దగ్గర. నగరంలో పేరున్న పాత కట్టడాలు, మ్యూజియంలు చాలావాటికి ఆదివారం కాదు, శుక్రవారం సెలవు. ఓసారి ఏడుగురం రెండు ఆటోల్లో పాతబస్తీ దాకా వెళ్ళి తాళం వేసిన గేటు చూసి తిరిగొచ్చాం. తప్పు మాదే. ఆ రోజు మిగిలింది ఇరానీ చాయ్ ఒక్కటే.

| చోటు | నీడ | మెట్లు, నడక | పట్టే సమయం | శుక్రవారం |
|---|---|---|---|---|
| గోల్కొండ కోట | చాలా తక్కువ | బాగా ఎక్కువ | 3 గంటలు | తెరిచే ఉంటుంది |
| సాలార్‌జంగ్ మ్యూజియం | అంతా లోపలే | నడక ఎక్కువ, ఎక్కుడు తక్కువ | 3 నుంచి 4 గంటలు | సెలవు |
| చౌమహల్లా ప్యాలెస్ | సగం సగం | తక్కువ | 2 గంటలు | సెలవు |
| చార్మినార్ పైకి | లోపల నీడే | 149 ఇరుకు మెట్లు | 1 గంట | తెరిచే ఉంటుంది |
| కుతుబ్‌షాహీ సమాధులు | చెట్లు, గుమ్మటాల లోపల | సమతలం, నడక ఎక్కువ | 2 గంటలు | సెలవు |
| బిర్లా ప్లానెటోరియం, సైన్స్ మ్యూజియం | అంతా లోపలే | ఓ మోస్తరు | 3 గంటలు | షో వేళలు చూసుకుని |
| సుధా కార్స్ మ్యూజియం | అంతా లోపలే | దాదాపు లేవు | 1 గంట | తెరిచే ఉంటుంది |
| మాల్‌లో ఆటల చోటు | అంతా లోపలే, ఏసీ | లేవు | డబ్బున్నంత సేపు | తెరిచే ఉంటుంది |

పట్టికలో సమయాలు పిల్లలతో వెళ్ళినప్పటివి. ఒంటరిగా, శ్రద్ధగా చూసేవాళ్ళు సాలార్‌జంగ్‌కు రెండు రోజులు పెట్టుకున్నా చాలదు.

## గోల్కొండ: కాళ్ళున్నవాళ్ళ కోట

కాకతీయుల కాలంలో మట్టికోట. 1518 నుంచి కుతుబ్‌షాహీల రాజధాని. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు చుట్టుముట్టి కూర్చున్నా లొంగని కోట, చివరికి లోపలివాడెవడో రాత్రిపూట తలుపు తీయడంతో పడిపోయింది. పదకొండేళ్ళ పిల్లకు ఈ ఒక్క కథ చెప్పి లోపలికి తీసుకెళ్ళండి, మిగతాదంతా అదే అడుగుతుంది. తలుపులకు ఇనుప మేకులెందుకు? ఏనుగులు తలతో గుద్దకుండా. తలుపు ముందు అడ్డంగా ఆ గోడెందుకు? ఏనుగు దూరం నుంచి పరుగెత్తుకొచ్చే వీలు లేకుండా. పైదాకా నీళ్ళెలా వెళ్ళేవి? అంచెలంచెలుగా తోడి, మట్టి గొట్టాల్లో పంపి. గోడల్లో ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ప్రవేశద్వారం దాటగానే గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో కొండ కొసన వినబడుతుంది. అందరూ అక్కడ ఆగి ఒకటి రెండు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు, పైన వినేవాళ్ళు ఉండరు. మేం రెండోసారి వెళ్ళినప్పుడు అత్తయ్యను కింద నీడలో కూర్చోబెట్టాం. పిల్లలు పైకెక్కి ఫోన్ చేశారు. "అమ్మమ్మా, ఇప్పుడు కొట్టు. మూడు కొట్టి ఆగి మళ్ళీ రెండు." లేకపోతే మిగతావాళ్ళ చప్పట్లలో కలిసిపోతాయి. పైన పిల్లల కేక ఫోన్లో కిందికి వినిపించింది. ఎక్కలేనివాళ్ళకు కోటలో పనేముందనుకోకండి, ఆ రోజు అందరికంటే ముఖ్యమైన పని ఆమెదే.

పైదాకా మూడు వందల అరవై మెట్లకు పైమాటే. దారిలో తెలుగువాళ్ళు తప్పకుండా ఆగే చోటు రామదాసు బందిఖానా. భద్రాచలం తహసీల్దారు కంచర్ల గోపన్న, సర్కారు సొమ్ముతో రామాలయం కట్టించినందుకు తానీషా కాలంలో పన్నెండేళ్ళు ఇక్కడే ఉన్నాడని చెప్తారు. పైన చిన్న రంధ్రం, గోడ మీద చెక్కిన దేవతల బొమ్మలు. లోపలికి వెళ్ళగానే అత్తయ్య లాంటివాళ్ళు చేతులు జోడిస్తారు, పిల్లలు గొంతు తగ్గిస్తారు. ఇంకా పైన జగదాంబ మహంకాళి గుడి. తెలంగాణలో ఆషాఢ బోనాలు మొదలయ్యేది ఇక్కడే. ఆ నెల ఆదివారాలు, గురువారాలు కోట చూడ్డానికని వెళ్తే తోపులాటలో చిక్కుకుంటారు. బోనాలకే వెళ్ళాలనుకుంటే మాత్రం అంతకంటే మంచి రోజు లేదు.

గుంటూరు చుట్టాలకు నేను ప్రత్యేకంగా చెప్పే మాట ఒకటుంది. గోల్కొండ వజ్రాలు గోల్కొండలో పుట్టలేదు. వాటిని తవ్వింది కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల, అంటే వాళ్ళ ఉమ్మడి గుంటూరు జిల్లాలోనే. ఇక్కడ జరిగింది బేరం. ఈ మాట చెప్పిన దగ్గర్నుంచి మా ఆడపడుచు కోటలో కొంచెం నిటారుగా నడుస్తుంది.

ఇక ఇబ్బందులు. నీడ లేదు. పైన తాగడానికి ఏమైనా దొరికినా బేరమాడే ఓపిక ఉండదు, మనిషికో లీటరు నీళ్ళు కిందనుంచే మోసుకెళ్ళాలి. పిల్లల్ని కూర్చోబెట్టే తోపుడు బండి మొదటి మెట్టు దగ్గరే భారమవుతుంది. రెండేళ్ళ లోపు పిల్లలుంటే చంకనేసుకునే సంచీ తప్ప వేరే దారి లేదు. ఖర్చు మాత్రం తక్కువ: కేంద్ర పురావస్తు శాఖ కట్టడం కాబట్టి పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు. చార్మినార్‌కీ ఇదే లెక్క.

పగలు ఎక్కలేమనుకునేవాళ్ళకు సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఉంది. కొండ ఎక్కే పని లేకుండా కూర్చుని కథ వినొచ్చు. ఏ భాషలో ఏ రోజో ముందే కనుక్కోండి. ఇంగ్లీషు రోజున వెళ్తే మా అత్తయ్యలా "లైట్లు బావున్నాయి" అనుకుంటూ తిరిగొస్తారు. ఆరుబయలు కాబట్టి దోమల మందు రాసుకుని వెళ్ళాలి.

## సాలార్‌జంగ్: వానొచ్చినా ఎండొచ్చినా

మూసీ ఒడ్డున, నిజాం దగ్గర ప్రధానిగా చేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పేరు మీద నిలిచిన మ్యూజియం ఇది. ఒక్క మనిషి పోగుచేసినవని అందరూ అంటారు గాని, నిజానికి మూడు తరాల సాలార్‌జంగుల చెయ్యి ఇందులో ఉంది. అందరూ చూడ్డానికి పోటీపడే ముసుగు రెబెకా (బైబిల్ కథలోని స్త్రీ) పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. చెక్కినవాడు ఇటలీ శిల్పి బెంజోనీ. రాతిలో చెక్కిన పల్చటి ముసుగు వెనక మొహం కనబడుతుంది. పెద్దవాళ్ళు అక్కడ పది నిమిషాలు నిలబడిపోతారు. పిల్లలు ఒక్క నిమిషం.

పిల్లల్ని నిలబెట్టేవి వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది సంగీత గడియారం. గంట కొట్టే వేళకు లోపల్నుంచి గడ్డపు బొమ్మ మనిషి బయటికొచ్చి గంట మోగించి వెళ్ళిపోతాడు. ఇంకో మూల కమ్మరి బొమ్మ సెకన్ సెకన్‌కూ సుత్తి దెబ్బ వేస్తూనే ఉంటాడు. దీనికో చిన్న లెక్క ఉంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు, కానీ జనం కిటకిటలాడతారు, చిన్నవాళ్ళకు ముందువాళ్ళ వీపులు తప్ప ఏమీ కనబడవు. ఒంటి గంటకు జనం పలచగా ఉన్నా ఒకే దెబ్బ. "అంతేనా?" అని పిల్లలు మొహం వేలాడేస్తారు. పదకొండు గంటలది అన్ని విధాలా మేలు.

రెండోది చెక్క బొమ్మ. ముందు నుంచి చూస్తే టెక్కుగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ (ఫౌస్ట్ అనే జర్మన్ కథలో సైతాను), వెనక అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరీటా (అదే కథలోని అమ్మాయి). ఒకే దుంగలో రెండు బొమ్మలు. ఏమీ చెప్పకుండా పిల్లల్ని అక్కడ నిలబెట్టి, "అద్దంలో చూడు" అనండి చాలు. తర్వాత ఆయుధాల గది, నూర్జహాన్ కత్తి, టిప్పు సుల్తాన్‌కు ఫ్రాన్సు రాజు పంపిన దంతపు కుర్చీలు, బొమ్మల గది. అంతటితో నాలుగేళ్ళ వాడి ఓపిక అయిపోతుంది. పింగాణీ, పర్షియా తివాచీలు, చేతిరాత పుస్తకాలు, ఇవన్నీ చూడాలంటే పిల్లల్ని ఇంకొకరికి అప్పజెప్పి మళ్ళీ రావాలి. నేనలా రెండుసార్లు వెళ్ళాను, సిగ్గుపడను.

పెద్దవాళ్ళకు ఇది కోటకంటే వంద రెట్లు మేలు. చక్రాల కుర్చీ దొరుకుతుంది, లిఫ్టు ఉంది, మధ్య మధ్యలో కూర్చోవచ్చు. ఇబ్బందల్లా నడక. ముప్పై దాటిన గదులు, మూడు భవనాలు. "మ్యూజియమే కదా, కూర్చుని చూడ్డమే" అనుకుని బయల్దేరిన మా అత్తయ్య సాయంత్రం కాళ్ళకు కొబ్బరినూనె రాయించుకుంది. అందుకే అన్ని గదులూ చూడాలన్న పంతం పెట్టుకోకండి. గడియారం చుట్టూ రోజును అల్లుకోండి: ముందు రెండు మూడు గదులు, గడియారం, తర్వాత ఇంకో నాలుగు. బ్యాగులు బయట పెట్టాల్సి వస్తుంది కాబట్టి పాల సీసా, మందులు చేతి సంచీలో వేరుగా ఉంచుకోండి.

మెట్రోలో ఎంజీబీఎస్ బస్టాండు స్టేషన్ దాకా వచ్చి అక్కణ్ణుంచి ఆటో ఎక్కితే కారు పెట్టుకునే తలనొప్పి ఉండదు.

## చౌమహల్లా, పక్కనే చార్మినార్

కోట ఎక్కలేరు, గాజు బీరువాలంటే విసుగు, అలాంటి గుంపుకు చౌమహల్లా సరిగ్గా సరిపోతుంది. నిజాముల దర్బారు ఇక్కడే జరిగేది. కట్టడం 1750లో మొదలైంది, అయిదో నిజాం కాలానికి గాని పూర్తికాలేదు. చౌ అంటే నాలుగు, నాలుగు మహళ్ళు. ఖిల్వత్ దర్బారు హాలులో పందొమ్మిది బెల్జియం షాండ్లియర్లు వేలాడుతుంటాయి. తల ఎత్తి లెక్కపెట్టమని చిన్నవాళ్ళకు చెప్తే అయిదు నిమిషాలు నిశ్శబ్దం మీ సొంతం. నీటి కొలను, పచ్చిక, వరండాలు. పరుగెత్తితే తిట్టే వాళ్ళుండరు, కాళ్ళు నొప్పెడితే వరండాలో కూర్చోవచ్చు.

పదేళ్ళు దాటిన మగపిల్లలు దర్బారు వైపు చూడను కూడా చూడరు, నేరుగా పాత కార్ల దగ్గరికే. 1912 నాటి పసుపు రోల్స్‌రాయిస్ ఉంది అక్కడ. మా ఆడపడుచు కొడుకు దాని ముందు నించుని పదిహేడు ఫోటోలు తీయించుకున్నాడు. ఆడపిల్లలు దుస్తుల గది దగ్గర ఆగుతారని రాద్దామనుకున్నాను గాని, మా మేనకోడలు కూడా కార్ల దగ్గరే ఉండిపోయింది.

నిజాముల వైభవమే కావాలనుకుంటే పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం ఇంకో దారి. చిన్నది, గంటలో అయిపోతుంది. ఆరో నిజాం బట్టల బీరువా 176 అడుగుల పొడవు, రెండంతస్తులు! వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా కూడా ఇక్కడిదే. 2018లో దొంగలు దాన్ని ఎత్తుకుపోతే పోలీసులు పది రోజులు తిరక్కుండా పట్టి తెచ్చారు. దొంగల కథ ముందు చెప్పి డబ్బా తర్వాత చూపించండి.

చార్మినార్‌ను కింద నుంచి చూడ్డానికి వయసు అడ్డం లేదు. పైకెక్కడమంటే వేరే సంగతి. 149 మెట్లు, మెలికలు తిరుగుతూ, ఒక మనిషి పట్టేంత సందులో. ఎదురుగా దిగేవాళ్ళొస్తే గోడకు అంటుకుపోవాలి. చంటిపిల్లతో, మోకాళ్ళ నొప్పితో, ఇరుకులో ఊపిరాడదనేవాళ్ళతో వద్దే వద్దు. శుక్రవారం తెరిచే ఉన్నా, మక్కా మసీదులో నమాజు వేళ ఆ చుట్టుపక్కల కాలు పెట్టే సందుండదు. మా ఇంట్లో పని పంచుకుంటాం: మా ఆయన, పెద్దపిల్ల పైకి. నేను, ఆడపడుచు, అత్తయ్య లాడ్ బజారులో గాజులకు. ఎవరు ముందు తిరిగొస్తారో చెప్పనక్కర్లేదు.

## కుతుబ్‌షాహీ సమాధులు: పేరు చూసి భయపడకండి

"సెలవుల్లో పిల్లల్ని సమాధులకు తీసుకెళ్తావా?" అని అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. వెళ్ళాక తోట చూసి మెత్తబడింది. గోల్కొండకు దగ్గర్లోనే, విశాలమైన తోట మధ్య గుమ్మటాలు. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు పూనుకుని ఏళ్ళ తరబడి మరమ్మతులు చేసింది, కూలిన మెట్లబావి మళ్ళీ వాన నీళ్ళు పట్టే స్థితికి వచ్చింది. నేల చాలామటుకు సమతలంగా ఉంటుంది కాబట్టి తోపుడు బండి నడుస్తుంది. గుమ్మటాల లోపల మే నెలలో కూడా చల్లగా ఉంటుంది. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ సమాధి వీటన్నిటిలో గొప్పది.

పెద్దపిల్లలకు ఒక చిక్కు ప్రశ్న వేయొచ్చు. ఆఖరి రాజు తానీషా సమాధి ఎక్కడుంది? వెతికితే దొరకదు. ఔరంగజేబు పట్టుకెళ్ళి దౌలతాబాద్‌లో బంధించాడు, అక్కడే పోయాడు. గోల్కొండలో గోపన్న చెర చూసిన పిల్లలకు, గోపన్నను చెరలో పెట్టిన రాజు కూడా చెరలోనే పోయాడని చెప్తే రాత్రి పడుకునేదాకా అదే మాట్లాడుకుంటారు.

లోటేమిటంటే, ఇక్కడ "చూడు చూడు" అని చూపించే వస్తువులుండవు. అందం, ప్రశాంతత, ఖాళీ చోటు మాత్రమే. పరుగెత్తే వయసు పిల్లలకు, ప్రశాంతంగా కూర్చోవాలనుకునే పెద్దలకు బావుంటుంది. మధ్యలో ఉన్న పద్నాలుగేళ్ళ వాళ్ళు అరగంటకే "వెళ్దామా?" అంటారు.

## బిర్లా ప్లానెటోరియం, సైన్స్ మ్యూజియం

నౌబత్ పహాడ్ మీద 1985లో ఎన్టీ రామారావు ప్రారంభించిన ప్లానెటోరియం ఇది. తెలుగులో కూడా షోలుంటాయి. అత్తయ్యలకూ నాలుగో తరగతి పిల్లలకూ ఒకేసారి అర్థమయ్యే చోటు నగరంలో ఇంకోటి నాకు తోచదు. మూడేళ్ళ లోపు పిల్లలు మాత్రం చీకటి పడగానే గొంతెత్తుతారు, తలుపు దగ్గర సీటు చూసుకోండి.

నాకైతే ప్లానెటోరియం కంటే డైనోసార్ ముఖ్యం. కోటసారస్. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరం. సుమారు తొమ్మిది మీటర్ల పొడవు, ఆకులు తినే జాతి. దాని శాస్త్రీయ నామంలోనే యామనపల్లి ఉంది. సినిమాల్లో అమెరికా డైనోసార్లు చూసిన పిల్లలకు, "ఇది మన గోదావరి వైపుది" అని చెప్పి వాళ్ళ మొహాలు చూడండి. సైన్స్ మ్యూజియంలో మీటలు నొక్కి, చక్రాలు తిప్పి చూసే యంత్రాలున్నాయి. "ముట్టుకోవద్దు" అనే మాట వినీ వినీ విసిగిన చేతులకు ఇక్కడ ఊరట.

పక్కనే బిర్లా మందిర్. గుడి కూడా కావాలనే పెద్దవాళ్ళకు ఒకే గుట్ట మీద రెండు పనులు అవుతాయి. గుళ్ళోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. ఎక్కువమంది ఉంటే, విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి.

## త్వరగా చెప్పేసేవి

బహదూర్‌పురాలో సుధాకర్ యాదవ్ చేతులతో చేసిన కార్ల మ్యూజియం. బూటు ఆకారంలో కారు, క్రికెట్ బ్యాటు కారు, వంకాయ కారు. అన్నీ నడిచేవే. మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలు కడుపు పట్టుకుని నవ్వుతారు. గంటలో అయిపోతుంది, జూపార్క్ దగ్గరే కాబట్టి రెండూ కలపొచ్చు. సోమవారం జూకు సెలవని మాత్రం మర్చిపోవద్దు.

మాల్‌లో ఆటల చోట్లు. ఎగిరే పరుపులు, రంగు బంతుల గుంట, జారుడు బల్లలు. గంటకింతని డబ్బు, ప్రత్యేకంగా వాళ్ళ సాక్సులే కొనాలన్న షరతు, సమయం అయిపోగానే ఇంకో గంటకు ఏడుపు. పిల్లలకు స్వర్గం, పెద్దవాళ్ళకు ఫుడ్ కోర్టులో కుర్చీ. ఇంటికొచ్చాక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. అయినా జోరున వాన కురుస్తున్న శుక్రవారం, మూడేళ్ళ కవలలు, ఇల్లంతా పీకి పందిరేస్తున్నారంటే, నేనూ అక్కడికే వెళ్తాను.

## మరి మీ ఇంట్లో ఎవరున్నారు?

చంటిపిల్ల, అమ్మమ్మ ఇద్దరూ ఉంటే చౌమహల్లా. చంటిపిల్లకు తోపుడు బండి నడిచే నేల, అమ్మమ్మకు వరండా నీడ ఒకే చోట దొరుకుతాయి.

ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలు, ఓపికున్న తల్లిదండ్రులు ఉంటే ఇంకో ఆలోచన లేదు, గోల్కొండ. గేటు తెరిచే వేళకు అక్కడుండాలి, ఎండ ముదరకముందే దిగిపోవాలి. ఇడ్లీలు ఇంటి దగ్గరే తినేసి వెళ్ళండి. పెరుగన్నం, పులిహోర కారులో ఉంచి, దిగాక తినండి.

పదిహేనేళ్ళు దాటిన పిల్లలతో చిక్కే. వాళ్ళను మనతో కలిపి తిప్పాలని చూడకండి. చార్మినార్ పైకి వాళ్ళను వాళ్ళే ఎక్కమనండి, మీరు కింద చాయ్ తాగండి. మా మేనకోడలికి తనంతట తానే తిరిగిన చోటే నచ్చింది.

విదేశాల నుంచి రెండు వారాలకు వచ్చిన అన్నదమ్ముల పిల్లలు, తెలుగు అంతంతమాత్రం అయితే, ముందు గోల్కొండ, ఆ తర్వాత ఇంకో రోజు సమాధులు. కథ ఒకటే కాబట్టి రెండో రోజు వాళ్ళే మనకు చెప్తారు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కదా, ఒకే రోజు కానిచ్చేద్దామన్న ఆశ మాత్రం వద్దు. నేను పడ్డ పాటు మీకెందుకు?

డబ్బు జాగ్రత్తగా వాడుకోవాల్సిన నెలాఖరైతే కోట. పిల్లలకు టికెట్ లేదు, పెద్దలకు తక్కువ. నలుగురు మాల్‌లో రెండు గంటలు ఆడే డబ్బుతో కోటకు ఎన్నిసార్లయినా వెళ్ళి రావచ్చు.

ఇక అందరూ కలిసి ఉన్నారు, చేతిలో ఉన్నది ఒక్క రోజు, బయట ఎండ, ఎవరి ఓపిక ఎంతో తెలియదు, శుక్రవారం కాదు. అప్పుడు నా ఓటు సాలార్‌జంగ్‌కే. పదింటికి లోపలికి వెళ్ళండి. ముందు అద్దం ముందున్న చెక్క బొమ్మ చూడండి. రెబెకాను తర్వాత చూడొచ్చు, ఆమె ఎక్కడికీ పోదు. పదీ యాభైకల్లా గడియారం ముందు కుర్చీలు పట్టుకోండి. చిన్నవాణ్ణి మీ ఒళ్ళో కాకుండా అమ్మమ్మ ఒళ్ళో కూర్చోబెట్టండి, పదకొండు దెబ్బలూ ఇద్దరూ కలిసి లెక్కపెడతారు.